చాపమీది బిడ్డ



ఈ నెల నేను వ్రాయబూనిన సంగతి మీకు చాల చిన్నదిగా తోచవచ్చును. పసిబిడ్డను మెలకువగా నున్నప్పుడు దినమునకు కొంతసేపు బోర్ల పరుండబెట్టుట బిడ్డ పెరుగుదలకు మిక్కిలి మేలు చేయును. ఇదే ఆ సంగతి. కాపరియైనవాడు రక్షణనుగూర్చి వ్రాయవలెను గాని పాలుత్రాగు బిడ్డ పండుకొను తీరునుగూర్చి వ్రాయనేల అని ఎవరైన అడిగినయెడల, వారిని బేత్లెహేమునకు పొమ్మందును. మన ప్రభువు లోకమునకు వచ్చినప్పుడు పెద్దవాడుగా దిగిరాలేదు. గుడ్డలలో చుట్టబడిన పసికందుగా పశువుల తొట్టిలో పరుండెను. ఆయనకును మెడ నిలువని దినములుండెను. మరియమ్మ ఆయనను ఎత్తుకొనినప్పుడెల్ల తన యరచేతిని ఆయన తలక్రింద నుంచియుండును. ఆ బాలుని బుద్ధియు దేహమును క్రమక్రమముగా పెరిగినవని లూకా తన సువార్త రెండవ అధ్యాయమున తెలియజేయుచున్నాడు. దేవుని కుమారుడు నెలనెలా పెరుగుటకు సమ్మతించినప్పుడు, మన బిడ్డలు నెలనెలా ఎట్లు పెరుగుదురో తెలిసికొనుట సంఘమునకు తక్కువ పని కాదు.

మా ప్రాంతమును ఎరుగనివారికొరకు రెండు మాటలు చెప్పెదను. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచ మీదుగా పోయి, సారపాకయొద్ద గోదావరి దాటినయెడల భద్రాచలము. అక్కడనుండి దుమ్ముగూడెము, చర్లవైపు పోవుకొలది ఊళ్లు చిన్నవగును, అడవి దగ్గరపడును. 1959లో భద్రాచలము తాలూకా తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలోనికి వచ్చినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము అను క్రొత్త జిల్లా ఏర్పడినది. జిల్లాల పేర్లు ఇట్లు మారినను, చేనిగట్టున చెట్టుకొమ్మకు వ్రేలాడు చీర ఉయ్యాల మాత్రము మారలేదు.

మన తల్లుల సంవత్సరము ఎట్లు గడచునో మీరెరుగుదురు. సంక్రాంతి దాటగానే మిరపకాయల కోత. ఎండలు ముదురుచుండగా ఇప్పపువ్వు. అది రాత్రి రాలును గనుక తెల్లవారకముందే చెట్టుక్రిందికి పోవలెను. ఏప్రిల్, మే నెలలలో తునికాకు. తొలకరి పడినంతనే విత్తనములు, నాట్లు, కలుపులు. ఈ పనులలో ఏదియు బాలింత కొరకు ఆగదు. కాబట్టి తల్లి బిడ్డను వెంటబెట్టుకొని పోవును. చీరను కొమ్మకు కట్టి బిడ్డను అందులో వేయును. పాలకొరకు ఏడ్చినప్పుడు తీయును, త్రాగించి మరల వేయును. సాయంకాలము ఇల్లు చేరినపిమ్మట నీళ్లు, కట్టెలు, వంట. అప్పటికి బిడ్డ నిద్రించును.

ఆ ఉయ్యాలను నేను నిందించుట లేదు. చీమలనుండి, తేలునుండి, పామునుండి, మిరపఘాటునుండి అది బిడ్డను కాపాడుచున్నది. ఆ కొమ్మక్రింద పెరిగి పెద్దవారైనవారు మన సంఘములో ఎందరో యున్నారు. అయినను ఒక సంగతి ఆలోచించుడి. చీర ఉయ్యాలలో బిడ్డ వీపు వంగియుండును, చేతులు దగ్గరకు ముడుచుకొని యుండును, తల యెత్తుటకు గట్టి ఆధారము దొరకదు. నిద్రకు ఎత్తుకొనినను, పాలకు ఎత్తుకొనినను, ఉయ్యాలలో వేసినను, బిడ్డ ముఖము ఎప్పుడును మీదికే యుండును. మెలకువ గంటలన్నియు ఈలాగే గడచినయెడల మెడయు, భుజములును, వీపును తమ పాఠమును ఎప్పుడు నేర్చుకొనును?

ఈ పాఠమును మన యవ్వలు ఎరుగుదురు. బిడ్డకు నీళ్లుపోయు అవ్వను చూడుడి. ఆమె నేలమీద కూర్చుండి రెండు కాళ్లు చాపుకొనును. బిడ్డను తన కాళ్లమీద బోర్ల పరుండబెట్టి, వీపునకు నూనె రాచి, నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోయును. బిడ్డ ఒకవైపు ఏడ్చుచునే తల యెత్తి అటు నిటు చూచును. ఆ కొలదిసేపు బిడ్డ చేయు కసరత్తు వైద్యులు చెప్పు కసరత్తే. అవ్వ దానికి పేరు పెట్టలేదు, అంతే. మరియు తెలుగువారి యిండ్లలో బిడ్డ మొదటిసారి బోర్లపడినప్పుడు బొబ్బట్లు చేసి పంచుట, పారాడినప్పుడు పాయసము వండుట, అడుగులు వేసినప్పుడు అరిసెలు చేయుట వాడుక. ఇది సంబరపడదగిన సంగతియని మన పెద్దలు ఏనాడో గుర్తించిరి. కాని ఈ దినములలో ఆడపిల్లలు కాన్పయిన కొన్ని వారములకే పనిలోనికి పోవలసి వచ్చుచున్నది. కొందరి యింట అవ్వయు కూలికి పోవుచున్నది. కాళ్లు చాపుకొని కూర్చుండు తీరిక తగ్గినది. బిడ్డ బోర్ల యుండు సమయమును దానితో కూడ తగ్గినది.

బోర్ల పరుండుటవలన బిడ్డలో జరుగునదేమి? అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తలయే ఇంచుమించు నాల్గవవంతు. పెద్దవారికి అది ఏడెనిమిదింట ఒకవంతు మాత్రమే. అంత పెద్ద తలను అంత సన్నని మెడ మోయవలెను. పుట్టినప్పుడు బిడ్డ వెన్నెముక కొడవలివలె ఒకే వంపుగా నుండును. బిడ్డ బోర్ల యుండి తల యెత్తుకొలది మెడయొద్ద వెన్ను నిలుచు వంపు ఏర్పడును. కూర్చుండి, నిలిచి, నడచుకొలది నడుమునొద్ద రెండవ వంపు ఏర్పడును. బలము తలనుండి కాళ్లవైపు దిగివచ్చును. మొదట మెడ, పిమ్మట భుజములు, పిమ్మట నడుము, చివరకు కాళ్లు. పునాది వేయక గోడ లేపనట్లే, మెడయు భుజములును గట్టిపడక బిడ్డ కూర్చుండలేడు.

చేతులకును ఇది బడియే. బోర్ల యున్న బిడ్డ మొదట మోచేతులమీద ఆనును, తరువాత అరచేతులమీద లేచును. రేపు రోకలి పట్టవలసిన చేయి, పలకమీద అక్షరము దిద్దవలసిన చేయి, ఆ దినమున చాపమీద నేలను అదుముచు బలము పొందుచున్నది. కన్నులకును లాభమున్నది, వెల్లకిల యున్నవానికి కప్పు కనబడును, తల యెత్తినవానికి ఇల్లు కనబడును. మరియొక మేలేమనగా, ఎల్లప్పుడు వెల్లకిలనే యుండు బిడ్డ తల వెనుకప్రక్క చదునగుట కలదు. కొంతసేపు బోర్ల యుండు బిడ్డకు ఆ ఒత్తిడి తప్పును.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలెను. దీనిని చదువువారు మరువకుండ, చదువనేరనివారికి చెప్పవలెనని వేడుకొనుచున్నాను. బోర్ల నుంచుట మెలకువకు మాత్రమే. నిద్రకు కాదు. 20వ శతాబ్దపు మధ్యకాలమున పాశ్చాత్య దేశములలో అనేకులు బిడ్డలను బోర్లనే నిద్రపుచ్చుచుండిరి. ఆరోగ్యముగా నున్న బిడ్డలు కొందరు రాత్రి నిద్రలోనే కారణము తెలియకుండ చనిపోవుచుండిరి. బోర్ల నిద్రించువారిలో ఈ మరణములు హెచ్చుగా నున్నవని వైద్యులు కనుగొనిరి. 1992లో అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము బిడ్డలను బోర్ల నిద్రపుచ్చవద్దని సలహా ఇచ్చినది. 1994లో అక్కడ వెల్లకిల నిద్రపుచ్చుడని దేశమంతట ప్రచారము మొదలైనది. తరువాతి సంవత్సరములలో అట్టి మరణములు సగమునకు పైగా తగ్గినవి. ఒక చిన్న మాటను తల్లులందరు వినినందున వేలకొలది బిడ్డలు బ్రదికిరి.

అయితే అటుపిమ్మట మరియొక చిక్కు కనబడినది. భయపడిన తలిదండ్రులు పగలుకూడ బిడ్డలను బోర్ల వేయుట మానిరి. తల చదునైన బిడ్డలు హెచ్చిరి. కాబట్టి వైద్యులు రెండవ మాట కలిపిరి: నిద్రలో వెల్లకిల, మెలకువలో ఎవరైన చూచుచుండగా బోర్ల. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన సూచనలలో, ఇంకను పాకలేని బిడ్డలు మెలకువగా నున్నప్పుడు దినమంతటిలో విడివిడిగా కలిపి 30 నిమిషములైనను బోర్ల యుండవలెననియు, ఏ బిడ్డనైనను కదలనీయక ఒకేసారి గంటకు మించి కట్టియుంచరాదనియు ఉన్నది. మన గ్రామములోని ఒక ఆశా కార్యకర్త ఇదంతయు ఒక్క ముక్కలో చెప్పుచుండును: "నిద్రకు వెల్లకిల, ఆటకు బోర్ల." నా ప్రసంగములకంటె ఆ ముక్క తల్లులకు బాగుగా జ్ఞాపకముండుట చూచి నేను సంతోషించుచున్నాను.

నేను కుటుంబ ప్రార్థనలకు పోవు ఒక గూడెములో ఒక యింట తొలిచూలు బిడ్డ యుండెను. తల్లి ఇరువది యేండ్లు నిండని చిన్నది. ప్రార్థన ముగిసిన పిమ్మట ఆమె బిడ్డను తెచ్చి నా యెదుట నుంచి, "అయ్యగారూ, అయిదో నెల నడుస్తాంది. మెడ సరిగ్గ నిలుస్తలేదు. పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి" అనెను. ఆమె మాట ముగియకముందే పొరుగు స్త్రీ ఒకతె అందుకొని, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందయ్యా. చెప్తే విన్నదా?" అనెను. చిన్నది తల వంచుకొనెను. ఆ మాట ఆమె అప్పటికి అనేకమారులు వినియుండెనని ఆమె ముఖమే చెప్పినది.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు మన ప్రభువును ఏమడిగిరో మీరెరుగుదురు. పాపము ఎవరిదో చెప్పుమనిరి. ఆయన ఆ లెక్కలోనికి పోలేదు. ఆ మనుష్యునియందు దేవుడు చేయనున్న క్రియను చూడుడనెను. యోహాను తొమ్మిదవ అధ్యాయమును నేను ఆ యింట చదివి, గ్రహణమునకును బిడ్డ మెడకును ఏ సంబంధమును లేదని అందరు వినునట్లు చెప్పితిని. పిమ్మట ప్రార్థించితిమి. ప్రార్థించి లేచి, మరునాడే బిడ్డను డాక్టరుకు చూపవలెనని చెప్పితిని. నాలుగు నెలలు నిండినను మెడ నిలువనప్పుడు ఊరకుండరాదు.

వారు భద్రాచలము పోయి చూపించిరి. డాక్టరు బిడ్డ కాలుసేతులు, చూపు, వినికిడి పరీక్షించి, జబ్బేమియు కనబడుట లేదనియు, బిడ్డ దినమంతయు ఎక్కడ నుండుననియు అడిగెనట. మిరప చేనిలో ఉయ్యాలలో ననిరి. దినమునకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా బోర్ల వేయుడనియు, నెల తరువాత మరల తీసికొనిరండనియు చెప్పి పంపెను. అవ్వ మొదట ఒప్పుకొనలేదు. "బిడ్డ ముక్కు నేలకు తగిలి ఊపిరాడదు" అనెను. అప్పుడు ఆశా కార్యకర్త వారి యింటికి పోయి, అవ్వనే కాళ్లు చాపుకొని కూర్చుండుమని, "నువ్వు నీళ్లు పోసేటప్పుడు ఎట్ల వేస్తవో అట్లనే వెయ్యి అవ్వా" అనెను. అవ్వ నవ్వినది. ఆ నవ్వుతో సగము పని జరిగినది.

మొదటి దినమున బిడ్డ ఒక నిమిషము కూడ ఓర్వలేదట. రెండవ వారమునకు గడ్డము చాపనుండి లేపెను. నేను మరల పోవుసరికి ఆరవ నెల దాటినది. వాకిట వేపచెట్టు నీడను ఈత చాప పరచి, బిడ్డను బోర్ల వేసి, తండ్రి తానును నేలమీద బోర్ల పండుకొని, బిడ్డ ముఖమునకు ఎదురుగా తన ముఖముంచి గిలక ఆడించుచుండెను. నన్ను చూచి లేవబోయెను. లేవవద్దంటిని. బిడ్డ రెండు మోచేతులమీద ఆని, తల నిక్కించి, తండ్రిని చూచి, నన్ను చూచి, మరల తండ్రిని చూచెను.

ఇట్టి సాక్ష్యము చెప్పుట సులభము. ఇంకొకటి కూడ చెప్పనియెడల నేను మీకు సగము సత్యమే చెప్పినవాడనగుదును. మా సంఘములోనే ఒక ఆడబిడ్డ యున్నది. ఆమె తల్లియు చాప పరచినది, బోర్ల వేసినది, ఓర్పుతో ఎదురుచూచినది. బిడ్డ కాలుసేతులు బిగుసుకొనుచుండెనే గాని మెడ నిలువలేదు. పెద్ద ఆసుపత్రిలో చూపగా, మెదడునకు కలిగిన దెబ్బవలన కండరములు స్వాధీనములో లేవని తేలినది. చాప ఆమెను స్వస్థపరచలేదు. కాని చాపమీద వేసినందుననే తల్లి ఆ లోపమును ముందుగా కనిపెట్టగలిగినది. ఆనాటినుండి నేర్పినవారు చెప్పినట్లు దినదినము వ్యాయామము చేయించుచున్నది. ఇప్పుడు ఆ బిడ్డకు ఆరేండ్లు. దన్ను కలిగిన చెక్కకుర్చీలో కూర్చుండి ఆదివారపు బడిలో ముందువరుసలో నుండును. పాట మొదలు కాగానే అందరికంటె ముందు ఆమె కన్నులు మెరయును. ఆమెకు మన సంఘములోనున్న స్థలము ఏ బిడ్డ స్థలమునకును తక్కువ కాదు.

కాబట్టి తల్లులు గుర్తించవలసిన సూచనలను ఇక్కడ వ్రాయుచున్నాను. ఇంచుమించు రెండు నెలలకు బోర్ల యున్న బిడ్డ తల కొంచెము ఎత్తును. నాలుగు నెలలకు మోచేతులమీద లేచును, ఎత్తుకొనినప్పుడు మెడ నిలుపును. ఆరు నెలలకు చేతులు చాపి లేచును, బోర్లనుండి వెల్లకిలకు దొరలును. బిడ్డలందరు ఒకే దినమున ఒకే పని చేయరు. మన దేశముతో కూడ ఐదు దేశములలో బిడ్డలను పరీక్షించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ఫలితములనుబట్టి, ఆధారము లేకుండ నడుచుట కొందరికి ఎనిమిది నెలలు దాటగానే వచ్చును, మరికొందరికి పదునేడు నెలలు దాటినపిమ్మట వచ్చును. నూటికి నలుగురు చేతులమీద మోకాళ్లమీద పాకనే పాకక నడిచిరి. కాబట్టి పొరుగింటి బిడ్డతో పోల్చి తల్లి గుండె చెదరనీయరాదు. కాని బిడ్డ మరీ మెత్తగా వ్రేలాడుచున్నను, మరీ బిగుసుకొనుచున్నను, తల ఎప్పుడును ఒకేవైపునకు త్రిప్పుచున్నను, నిన్న చేసిన పనిని నేడు చేయలేకున్నను ఆలస్యము చేయవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీ కేంద్రములకు వచ్చి ఇట్టి లోపములను పరీక్షించును. ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ యింటికి 42 దినములలో 6 మారులు, ఇంటనే పుట్టిన బిడ్డయొద్దకు 7 మారులు రావలసియున్నది. ఆమె వచ్చినప్పుడు తలుపు చాటున నిలువక, ఈ సంగతులు అడుగుడి.

ఇక ఎట్లు చేయవలెను? పుట్టిన బిడ్డకు మొదటి చాప తల్లి రొమ్మే. తల్లి వెనుకకు ఆనుకొని బిడ్డను తన రొమ్ముమీద బోర్ల పరుండబెట్టుకొని, తాను మేలుకొనియున్నంతసేపు ఉంచుకొనవచ్చును. బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు హత్తుకొని యుంచు పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరములో ఆరంభమైనది. మన దేశముతో కూడ ఐదు దేశములలో జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. పుట్టిన వెంటనే అట్లు హత్తుకొనబడిన చిన్న బిడ్డలలో మరణములు నాల్గవవంతు తగ్గెనని అందు తేలినది. బొడ్డు ఊడి మానినపిమ్మట చాపమీద వేయవచ్చును. చాప గట్టి నేలమీద పరచవలెను. మెత్తని పరుపుగాని దిండుగాని ముఖముక్రింద ఉండరాదు. పాలు త్రాగిన వెంటనే కాక కొంతసేపు ఆగి వేయవలెను. మొదట ఒకటి రెండు నిమిషములు, పిమ్మట మూడు నుండి ఐదు నిమిషములు, దినమునకు రెండు మూడుసార్లు; బిడ్డ ఓర్చుకొలది పెంచవలెను. ఏడ్చినయెడల ఎత్తుకొని ఓదార్చి, మరియొకప్పుడు వేయవలెను. శిక్షగా చేయకూడదు. బిడ్డ కన్నులు మూతపడినంతనే వెల్లకిల త్రిప్పవలెను. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు డాక్టరు చెప్పినట్లు చేయవలెను.

చేనికి పోవు తల్లులు ఇదెట్లు చేయుదుమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అంబలి త్రాగు వేళ ఉన్నది గదా. ఉయ్యాలనుండి తీసి పాలిచ్చిన తరువాత, మీరు భోజనము చేయుచున్నంతసేపు, కాయల కుప్పకు దూరముగా శుభ్రమైన దుప్పటి పరచి, చీమలు పురుగులు లేవని చూచి, మీ కన్నులయెదుట వేయుడి. నేల బాగుగా లేనియెడల మీ తొడలమీదనే బోర్ల వేసికొనుడి. ఉదయము నీళ్లుపోయునప్పుడు అవ్వ కాళ్లమీద, మధ్యాహ్నము చేనిగట్టున, సాయంకాలము తండ్రి రొమ్ముమీద. ఇట్లు మూడు చోట్ల కొంచెము కొంచెముగా కూడబెట్టినయెడల బిడ్డకు కావలసినది దొరకును. దీనికి పైసా ఖర్చు లేదు.

సంఘమునకును ఇందులో భాగమున్నది. బిడ్డ బాప్తిస్మము దినమున క్రీస్తు మార్గములో పెంచుటకు సహాయపడుదుమని సంఘమంతయు మాట ఇచ్చుచున్నాము. ఆ మాట జ్ఞానస్నానపు తొట్టియొద్దనే నిలిచిపోరాదు. స్త్రీల మైత్రి కూటములలో తల్లులు పాడుచుండగా పెద్దమ్మలు బిడ్డలను చాపమీద ఆడింపవచ్చును. కూలికి పోలేని వృద్ధులు, మాకిక సేవ యేమున్నదని నాతో విచారముతో చెప్పుచుందురు. చేనిగట్టున ఒక గంటసేపు నలుగురు బిడ్డలను కనిపెట్టి కూర్చుండుట సేవ కాదా? ఆ గంటలో తల్లి నిశ్చింతగా కోత కోసికొనును. 19వ శతాబ్దములో దుమ్ముగూడెమున పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ గారు కోయ భాషను నేర్చుకొని, వారి ఆచారములను తెలిసికొని, వారితో మాటలాడెను. మనమును తల్లులకు ఈ సంగతి ఆసుపత్రి భాషలో కాక, వారి యింటి భాషలో, వారి వాకిట కూర్చుండి చెప్పవలెను.

వాకిట చాపమీద పండుకొనియున్న ఆ తండ్రిని నేను తరచుగా తలంచుచుందును. నిలువబడి పిలిచినయెడల ఆ బిడ్డకు తండ్రి పాదములు మాత్రమే కనబడియుండును. బిడ్డ తల యెత్తవలెనంటే తండ్రి ముఖము బిడ్డ ముఖమంత క్రిందికి రావలెను. ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు పౌలు, మన ప్రభువు ఎంత ఎత్తునుండి ఎంత క్రిందికి తగ్గించుకొనెనో చెప్పుచున్నాడు. ఆ మాటను నేను సెమినరీలో గ్రీకు భాషలో చదివితిని. ఆ వాకిట దానికి ఒక బొమ్మ దొరికినది. పరలోకమున నిలువబడి మనలను లెమ్మని ఆజ్ఞాపించుటకు ఆయనకు అధికారమున్నది. అయినను ఆయన మన నేలకు దిగి, మన దుమ్ములో మన కెదురుగా పరుండి, మన కన్నులకు తన ముఖము చూపెను.

మనకును బోర్లపడిన దినములు వచ్చును. పంట పోయినప్పుడు, అప్పు పెరిగినప్పుడు, ఇంట మరణము జరిగినప్పుడు నేల తప్ప మరేమియు కనబడదు. తల మోయలేనంత బరువగును. సొంత కుమారుని యెదుటనుండి పారిపోవుచున్న దావీదు మూడవ కీర్తనలో దేవుని తన తల ఎత్తువానిగా చెప్పుకొనెను. తల్లి బిడ్డ తలను చేతితో పట్టి యెత్తినయెడల మెడకు బలము రాదు. ఎదుట తన ముఖముంచి పిలుచును, బిడ్డ తానే యెత్తును. అలసి ఏడ్చినప్పుడు మాత్రము ఒక్క క్షణమైన ఆలస్యము చేయక ఎత్తుకొనును. మన తండ్రియు అట్లే మనకు బలము నేర్పుచు, మన యేడ్పునకు చెవియొగ్గుచున్నాడు. మన కష్టములన్నిటికి కారణము ఇదేయని నేను చెప్పజాలను. కాని ఏ కష్టములోను ఆయన మనలను ఒంటరిగా చాపమీద విడిచిపోడని చెప్పగలను. నిద్రించుచున్న బిడ్డను బోర్ల వదలని తల్లికంటె ఆయన జాగ్రత్త గలవాడు.

ఈ ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట మీ వీధిలోని పాలుత్రాగు బిడ్డల యిండ్లకు పోవుడి. తల్లిని పలుకరించుడి. ఒక చాప పరచుడి. నిద్రకు వెల్లకిల, ఆటకు బోర్ల అని చెప్పి, బిడ్డ కెదురుగా మీరును కొంచెము వంగి కూర్చుండుడి.

చిన్నబిడ్డలను తన చేతులలోనికి ఎత్తుకొని ఆశీర్వదించిన ప్రభువు, ఈ అడవి పల్లెల బిడ్డలందరికి గట్టి మెడను, బలమైన చేతులను, నిటారైన వెన్నును అనుగ్రహించును గాక. అవి లేని బిడ్డలకు మన చేతులనే ఆధారముగా నిచ్చును గాక. ఆమేన్.